చిట్టి గుర్రుమనడం ఎందుకు మానేసింది?

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం పంపారు. అందులోని సంగతులు క్లుప్తంగా ఇవి. కుక్కల పేర్లు మాత్రం నేను మార్చాను.

ఆవిడ ఇంట్లో చిట్టి అనే తొమ్మిదేళ్ల ఆడకుక్క ఉంది. రెండు నెలల పిల్లగా వచ్చింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. ఆవిడ కొడుక్కి ఇప్పుడు పదేళ్లు, వాడూ చిట్టీ కలిసే పెరిగారు. ఇన్నేళ్లలో అది ఎవరినీ కరిచింది లేదు. తమ్ముడి దగ్గర బ్రూనో అనే రెండేళ్ల మగకుక్క ఉంది. చిట్టికి దాదాపు రెట్టింపు బరువు, ఒక్కచోట నిలవని రకం. తమ్ముడూ మరదలూ వచ్చినప్పుడల్లా దాన్నీ వెంట తెస్తారు.

మొదటిసారి వచ్చినప్పుడు బ్రూనో గుమ్మంలోంచి దూసుకొచ్చి, చిట్టి గిన్నెలో నీళ్లు తాగేసి, దాని పరుపు మీదే పడుకుంది. చిట్టి గుర్రుమంటే అందరూ నవ్వుకున్నారు. "తోక ఊపుతూనే గుర్రుమంది, అందుకే ఆటలే అనుకున్నాను" అని రాశారు. రెండోసారి చిట్టి బల్ల కింద పడుకుని ఉండగా బ్రూనో వెళ్లి మూతి దగ్గర మూతి పెట్టింది. చిట్టి పళ్లు చూపించి గట్టిగా గుర్రుమంది. తమ్ముడి ముందు తల కొట్టేసినట్టయి, ఈవిడ చిట్టి మూతి మీద చెప్పుతో ఒక్కటిచ్చారు. ఆ రోజంతా చిట్టి మళ్లీ నోరెత్తలేదు. "బుద్ధి వచ్చిందనుకున్నాం."

మూడోసారి, అంటే పోయిన నెల, ఈవిడ వంటింట్లో బిస్కెట్ ప్యాకెట్ తెరిచారు. ఆ చప్పుడుకి రెండూ లేచాయి. హాలుకీ వంటింటికీ మధ్య ఉన్న ఇరుకు నడవలో ఎదురుపడ్డాయి. చిట్టి పరుపు ఉండేది కూడా అక్కడే. చిట్టి ఈసారి గుర్రుమనలేదు, మొరగలేదు. ఒక్కసారిగా బ్రూనో చెవి పట్టుకుంది. రెండు కుట్లు పడ్డాయి.

ఇప్పుడు అసలు చిక్కు. వచ్చే నెల తమ్ముడూ మరదలూ పది రోజులు ఊరు వెళ్తున్నారు, బ్రూనోను అక్క ఇంట్లో వదలాలని ముందే అనుకున్నారు. "నీ కుక్క తనే ఈ ఇంటికి పెద్ద అనుకుంటోంది అక్కా, రెండింటినీ ఒక గదిలో వేసి తలుపు వెయ్, ఎవరు పెద్దో అవే తేల్చుకుంటాయి" అని తమ్ముడి సలహా. నాలుగు రోజులుంటే అవే అలవాటు పడతాయని అమ్మ. వద్దంటే వద్దని వాళ్లాయన. "చిట్టి చెడిపోయిందా? వయసొచ్చి ఇలా తయారైందా? ఈ మధ్య సోఫా ఎక్కడం కూడా మానేసింది, మెట్ల దగ్గర నిలబడి ఆలోచిస్తుంది. తమ్ముడికి కాదని చెప్తే వాడి మనసు నొచ్చుకుంటుంది. చెప్పకపోతే మళ్లీ రక్తం చూడాలి. ఏం చేయను?" అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం చెవికి కుట్లు పడ్డాయన్నది కాదు. చివర్లో మీరు మాటవరసకి రాసిన వాక్యం, సోఫా ఎక్కడం మానేసిందన్నది. తొమ్మిదేళ్ల కుక్క రోజూ ఎక్కే సోఫా ఎక్కడం మానేసిందంటే, మెట్ల దగ్గర నిలబడి ఆలోచిస్తోందంటే, దానికి ఎక్కడో నొప్పి ఉందని ముందుగా అనుమానించాలి. తుంటి కావచ్చు, మోకాలు కావచ్చు, వెన్ను కావచ్చు. కుక్కలు నొప్పిని మనలా మూలుగుతూ చెప్పవు. కుంటడం కూడా చాలా ఆలస్యంగా మొదలవుతుంది. అంతకుముందే పనులు ఒక్కొక్కటిగా మానుకుంటూ వస్తాయి, లేచేటప్పుడు ఆలస్యం చేస్తాయి, ఎవరైనా మీద పడితే ఓర్చుకోవు. బ్రూనో లాంటి పెద్ద కుక్క ఆటకని భుజంతో తోస్తే, ఆరోగ్యంగా ఉన్న కుక్కకి అది ఆట. కీళ్లు నొప్పెడుతున్న కుక్కకి అది దెబ్బ.

కాబట్టి తమ్ముడికి ఏం చెప్పాలన్న ప్రశ్న కన్నా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లే పని ఉంది. ఉత్తరంలో నాకు రాసిన ఆ రెండు వాక్యాలూ అక్కడ చెప్పండి. వీలైతే చిట్టి మెట్లెక్కేటప్పుడు, పడుకుని లేచేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్లండి. డాక్టరు గదిలో భయానికి కుక్కలు నొప్పి మరచి చకచకా నడిచేస్తాయి, ఇంట్లో కనిపించింది అక్కడ కనిపించదు. పళ్లు, చెవులు, కంటిచూపు కూడా చూడమనండి. పంటినొప్పి ఉన్న కుక్క మూతి దగ్గరికి ఇంకో మూతి రావడాన్ని అసలు సహించదు. చూపు, వినికిడి తగ్గినవి ఎదురుగా ఏదైనా హఠాత్తుగా కనబడితే ఉలిక్కిపడి కరుస్తాయి. మీ ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు మాత్రం వేయకండి. మనుషులకి మామూలుగా వాడేవి కొన్ని కుక్కలకి విషంతో సమానం.

ఇక "చెడిపోయిందా" అన్న ప్రశ్న. జరిగిన మూడు సంఘటనలనీ చిట్టి వైపు నుంచి ఒకసారి చూడండి. మొదటిసారి ముందస్తు కబురు లేకుండా ఒక పెద్ద కుక్క తన గుమ్మంలోంచి పరుగున లోపలికొచ్చింది. కుక్కల మర్యాదలో ఎదురుగా సూటిగా పరిగెత్తుకు రావడం మోటుతనం. పరిచయం లేని రెండు కుక్కలు బయట కలిసినప్పుడు చూడండి, కొంచెం పక్కగా, వంపు తిరిగి వస్తాయి, ముందు వెనకభాగం వాసన చూసుకుంటాయి. బ్రూనోకి ఆ అవకాశం ఎవరూ ఇవ్వలేదు, గుమ్మం తెరిచి వదిలేశారు. ఆ తర్వాత నీళ్లు, ఆ తర్వాత పరుపు. చిట్టి గుర్రుమంది. అది కరవడానికి ముందు మెట్టు అని మనం భయపడతాం గానీ, కరవకుండా గొడవ తేల్చుకోవడానికి కుక్క చేసే ప్రయత్నం అది. దూరంగా ఉండు అని చెప్పడం.

తోక సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరపడతారు. తోక ఊగిందంటే ఆ కుక్క ఉద్రేకంలో ఉందని మాత్రమే అర్థం. అది సంతోషమా, కోపమా అన్నది మిగతా ఒళ్లు చెప్పాలి. నడుముతో సహా ఒళ్లంతా వదులుగా ఊగుతుంటే సంతోషం. తోక పైకి కర్రలా నిలబడి కొస మాత్రం గబగబా కదులుతుంటే, నోరు మూసుకుని, చూపు ఒకేచోట నిలిపి ఉంటే, అది వేరే కబురు. 2007లో ఇటలీ పరిశోధకులు ఒక చిత్రమైన విషయం గమనించారు. యజమానిని చూసినప్పుడు కుక్కల తోక కొంచెం కుడివైపుకి ఎక్కువ ఊగిందట, దబాయించే రకం కొత్త కుక్కను చూసినప్పుడు ఎడమవైపుకి. మామూలు కంటికి అందే తేడా కాదు లెండి, దాన్ని పట్టుకుని కూర్చోకండి. తోక ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పకూడదని గుర్తుంటే చాలు.

రెండోసారి బల్ల కింద. ఇక్కడ మీరు చేసిన పని గురించి మొహమాటం లేకుండా చెప్తాను, నొచ్చుకోకండి. చిట్టి పడుకున్న చోటుకి వెళ్లింది బ్రూనో. వద్దని చెప్పింది చిట్టి. దెబ్బ తిన్నదీ చిట్టే. దానికి అర్థమైంది రెండు సంగతులు: ఆ కుక్క వస్తే నాకు దెబ్బలు పడతాయి, గుర్రుమంటే దెబ్బలు పడతాయి. రెండో పాఠం వల్ల గుర్రుమనడం మానేసింది. మొదటి పాఠం వల్ల బ్రూనో అంటే భయం ఇంకా పెరిగింది. మీరు "బుద్ధి వచ్చింది" అనుకున్న ఆ నిశ్శబ్దం అదే. మూడోసారి అది కావాలని హెచ్చరించకుండా కరవలేదు, ఆ చెప్పుదెబ్బ వల్లే హెచ్చరించడం మానుకుంది. ఇలాంటి తప్పు చేయని కుక్కల యజమాని నాకైతే తెలియదు. నేనూ చేశాను, మా ఇంటి కుక్క గిన్నె దగ్గర గుర్రుమంటే గిన్నె లాగేసుకుని "యజమాని ఎవరో చూపించాను" అని గర్వపడిన రోజులున్నాయి. ఆ తర్వాత అది గిన్నె దగ్గరికి నేను వస్తుంటే మింగే వేగం పెంచింది, అంతే.

మూడోసారి జరిగినదానికి మీరు వేరే కారణం వెతకనక్కర్లేదు. ఇరుకు నడవ, తినేది దొరుకుతుందన్న ఆశ, పక్కనే తన పరుపు, వెనక్కి తిరిగే జాగా లేకపోవడం, బహుశా నొప్పి, పైగా ఇంటినిండా చుట్టాలు, గోల. కుక్కల్లో ఇవి ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఉదయం పడిన టెన్షన్ మధ్యాహ్నానికి పూర్తిగా దిగదు, గట్టి కలవరమైతే మర్నాటిదాకా కూడా ఒంట్లో ఉంటుంది. విడిగా ఒక్కొక్కటీ చిట్టి ఓర్చుకునేదే, ఆ నిమిషంలో అన్నీ కలిశాయి. పైగా అది చెవి పట్టుకుని వదిలేసింది. పదే పదే కరిచిందనో, ఊపి చించిందనో మీరు రాయలేదు. చంపాలన్న కసితో ఉన్న కుక్క అలా వదలదు. చిట్టి చెడిపోలేదు.

మీ తమ్ముడు చెప్పిన "ఎవరు పెద్దో తేల్చుకోవడం" అన్న మాట చాలా ఇళ్లలో వింటాం. దాని మూలం తోడేళ్ల మీద పాత పరిశీలనల్లో ఉంది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన జూలో బంధించి పెట్టిన తోడేళ్లను చూసి, అవి పెత్తనం కోసం కొట్లాడుకుంటాయని రాశారు. డేవిడ్ మీచ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1970లో తన పుస్తకంలో ఆ మాటను ప్రచారంలోకి తెచ్చారు. తర్వాత ఆయనే అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించి, 1999లో తన పాత మాట సరికాదన్నారు. అడవిలో తోడేళ్ల గుంపంటే అమ్మ, నాన్న, పిల్లలు, అంటే ఒక కుటుంబం. అక్కడ పెత్తనం కోసం కుస్తీలు పెద్దగా ఉండవు. తోడేళ్ల సంగతే అలా ఉంటే, వేల ఏళ్లుగా మన మధ్య బతుకుతున్న కుక్కల సంగతి చెప్పక్కర్లేదు. చిట్టి ఇంటికి పెద్ద అనుకోవడం లేదు. దానికి కాస్త చోటు కావాలి.

రెండింటినీ గదిలో వేసి తలుపు వేస్తే ఏం జరుగుతుందో కూడా చెప్తాను. వీధిలో రెండు కుక్కలకి పడకపోతే ఒకటి తప్పుకుంటుంది, గొడవ అక్కడితో సరి. మూసిన గదిలో తప్పుకునే దారి లేదు. తొమ్మిదేళ్ల నొప్పి కుక్క, దానికి రెట్టింపు బరువున్న రెండేళ్ల కుక్క. ఈసారి కుట్లు చిట్టికి పడతాయి, రెండుతో ఆగవు. ఒకవేళ ఏ గొడవా జరగకుండా ఒకటి మూలకి ముడుచుకుని కూర్చుంటే "కలిసిపోయాయి" అని మీరు తలుపు తీస్తారు. అది కలిసిపోవడం కాదు. ఈ పని మాత్రం, ఎవరు చెప్పినా, చేయవద్దు.

అమ్మగారి మాటలో కొంత నిజం ఉంది. కుక్కలు అలవాటు పడతాయి. అయితే దేనికి అలవాటు పడాలన్నది మనం ఏర్పాటు చేయాలి. మొదటి మూడు సార్లూ అలవాటైంది భయమే.

ఇక మీ ముందున్న దారులు. నాకు కనిపించేవి మూడు.

మొదటిది, ఈసారికి బ్రూనోను మీ ఇంట్లో ఉంచుకోకపోవడం. "కాదు" అనగానే తమ్ముడికి సాయం చేయనన్నట్టు మీరు అనుకుంటున్నారు. సాయం వేరే రకంగా చేయొచ్చు. వాళ్ల ఇల్లు దగ్గరైతే మీరో మీ ఆయనో రోజూ వెళ్లి బ్రూనోకి తిండి పెట్టి తిప్పి రావచ్చు. అయితే రెండేళ్ల హుషారు కుక్కకి రోజుకి రెండుసార్లు మనిషి కనబడితే సరిపోదు, రాత్రి ఎవరైనా అక్కడ పడుకోవాలి. లేదంటే కుక్కలను ఉంచుకునే బోర్డింగ్‌లో పెట్టొచ్చు, వెతకడంలో, చూసి రావడంలో మీరు తోడుండొచ్చు. అక్కడైతే టీకాల కార్డు అడుగుతారు. వెళ్లే ముందు ఒక రాత్రి ప్రయత్నంగా వదిలి చూడటం మంచిది. ఈ దారిలో చిట్టికి ప్రశాంతత, మీకు నిద్ర. తమ్ముడికి ఖర్చు, కొంత అలక. డాక్టరు చిట్టికి నొప్పి ఉందని తేలిస్తే, వచ్చే నెలకి నేనైతే ఈ దారే పట్టేదాన్ని.

రెండోది, బ్రూనో వస్తుంది గానీ రెండూ కలవవు. ఇది చాలామందికి తట్టదు. ఒకే ఇంట్లో ఉన్నంత మాత్రాన రెండు కుక్కలు ఒకదాన్నొకటి చూసుకోవాలని ఏమీ లేదు. పెద్ద కుక్కలు రోజులో దాదాపు సగం నిద్రలోనే గడుపుతాయి. ఒక గది బ్రూనోది. మిగతా ఇల్లు చిట్టిది. పూటకోసారి మార్చొచ్చు, బ్రూనో హాల్లో ఉన్నంతసేపు చిట్టి మీ పడకగదిలో మీ వాళ్లెవరితోనో ఉంటుంది. రెండింటి మధ్య ఎప్పుడూ రెండు అడ్డంకులుండాలి, ఒక తలుపూ ఒక గేటూ, లేదా ఒక తలుపూ చేతిలో బెల్టూ. ఎవరో ఒకరు ఒక తలుపు మరచిపోతారు, అది ఖాయం. ఆ రోజుకి రెండోది కాపాడుతుంది. తలుపు తీసేముందు "చిట్టి ఎక్కడ?" అని గట్టిగా అడిగి, జవాబు వచ్చాకే తీయాలన్న అలవాటు ఇంట్లో అందరికీ చేయండి. ఈ దారికి వెల మీ ఓపిక. పది రోజులు అంటే ఇరవై, ముప్పై సార్లు మార్పిళ్లు. మీ ఆయన మనస్ఫూర్తిగా ఒప్పుకోకపోతే మొదలుపెట్టకండి, ఎందుకంటే సగం తలుపులు ఆయన చేతిలో ఉంటాయి.

మూడోది, వాటికి మళ్లీ మొదటినుంచి పరిచయం చేయడం. అవుతుంది, నేను చూశాను. కానీ నెల రోజుల్లో అవుతుందని మాటివ్వలేను, అయ్యాక పది రోజులు ఒకే కప్పు కింద స్వేచ్ఛగా వదిలే స్థాయికి చేరుతుందనీ చెప్పలేను. తమ్ముడి కుటుంబం ముందుముందూ వస్తూపోతూ ఉంటుంది కాబట్టి ఊరి ప్రయాణంతో ముడిపెట్టకుండా దీన్ని నిదానంగా చేసుకోవడం మంచిది.

ఎలాగో చెప్తాను. చిట్టికి డాక్టరు సరేనన్నాక, బ్రూనో చెవి మానాక మొదలుపెట్టండి. ఇంట్లో వద్దు, గుమ్మం దగ్గర అసలు వద్దు. ఇద్దరిలో ఎవరిదీ కాని ఖాళీ చోటు చూసుకోండి. ఒక్కో కుక్కకి ఒక్కో పెద్దమనిషి. పిల్లవాడి చేతికి బెల్టు ఇవ్వకండి. ఎదురెదురుగా కాకుండా రెండూ ఒకే దిక్కుకి, మధ్య వెడల్పాటి రోడ్డంత దూరం ఉంచి నడవాలి. ఎంత దూరం అంటే, చిట్టి బ్రూనోను చూసి కూడా మళ్లీ నేల వాసన చూడగలిగేంత, మీ చేతిలో ఇచ్చిన ముక్క తినగలిగేంత. ఇష్టమైన ముక్క కూడా తినడం లేదంటే దగ్గరగా వచ్చేశారని లెక్క, దూరం పెంచండి. బెల్టు వదులుగా ఉండాలి. మనం భయపడి బిగించి పట్టుకుంటే ఆ బిగింపు కుక్క మెడకి తెలుస్తుంది, ఏదో ప్రమాదం ఉందని అదీ బిగుసుకుంటుంది. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. ఏమీ జరగలేదు, బోరు కొట్టింది అనిపిస్తే ఆ రోజు బ్రహ్మాండంగా జరిగినట్టు.

తర్వాతి రోజుల్లో ఒకటి ముందు, ఒకటి వెనక నడిపించండి. వెనక నడిచేది ముందుదాని వాసన తీరిగ్గా చూసుకుంటుంది, కుక్కలకి పరిచయమంటే అదే. తర్వాత స్థానాలు మార్చండి. దూరం కొద్దికొద్దిగా తగ్గించండి. ఈ మధ్యలో బ్రూనో పడుకునే గుడ్డ ఒకటి తెచ్చి హాల్లో ఓ మూల వేయండి, చిట్టి పరుపు మీద కాదు. చిట్టి వచ్చి చూసి వెళ్తే చాలు. బ్రూనో కనబడినప్పుడల్లా చిట్టికి ఇష్టమైనది దొరకాలి, బ్రూనో కనుమరుగవగానే అది ఆగిపోవాలి. చెప్పుదెబ్బ నేర్పిన పాఠాన్ని తిరగరాయడానికి నాకు తెలిసిన మార్గం ఇదే.

ఈ నడకల్లో చిట్టి మళ్లీ గుర్రుమంటే, తిట్టకండి. సంతోషించండి కూడా. మాట తిరిగి వచ్చింది. మారు మాట్లాడకుండా నాలుగడుగులు దూరం తీసుకెళ్లండి. అది చెప్పింది మీరు విన్నారని దానికి తెలియాలి. గుర్రుకన్నా ముందు ఇంకా చిన్న కబుర్లు ఉంటాయి, అవి పట్టుకోగలిగితే ఇంకా మంచిది. తినేదేమీ లేకుండానే పెదవులు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవులించడం, తల పక్కకి తిప్పుకోవడం, తల అటుంచి కళ్లు మాత్రం ఇటు తిప్పడంతో కంటి తెల్లగుడ్డు కనబడటం. అన్నిటికన్నా ప్రమాదం ఒళ్లంతా ఒక్కసారిగా కదలిక ఆగిపోవడం. ఆ క్షణంలో పేరు పెట్టి అరవకండి, మీద చెయ్యి వేయకండి. హుషారుగా "పద పద" అంటూ అటునుంచి మళ్లించండి.

బ్రూనోకీ నేర్పాల్సినవి ఉన్నాయి, భారమంతా చిట్టి మీదే వేయడం అన్యాయం. పిలిస్తే వెనక్కి రావడం, "ఉండు" అంటే ఉండటం, ఎదుటి కుక్క తల తిప్పుకుంటే వదిలేయడం. ఈ నెల రోజులూ ఆ పని మీ తమ్ముడిది. ఎప్పుడైనా రెండూ ఆడుకునే దశకి వస్తే, అది ఆటా కాదా అని తేల్చే తేలిక పరీక్ష ఒకటుంది. ఎక్కువ జోరు చేస్తున్నదాన్ని కాసేపు పట్టుకోండి. రెండోది తిరిగి దగ్గరికొస్తే ఆట. అవకాశం దొరికిందని దూరంగా వెళ్లిపోతే, అప్పటిదాకా అది భరిస్తోందని.

ఏ దారి పట్టినా, రెండూ ఒకే కప్పు కింద ఉన్న రోజున గిన్నెలు, ఎముకలు, బొమ్మలు నేల మీద కనబడకూడదు. తిండి వేరువేరు గదుల్లో, తలుపు వేసి. బిస్కెట్ ప్యాకెట్ చప్పుడు కూడా ఆ రోజుకి నిషేధం అనుకోండి. ఒంటరిగా రెండింటినీ కలిపి ఒక్క నిమిషం కూడా వదలొద్దు. మీ అబ్బాయికి ఒక్కటే నియమం చెప్పండి: కుక్కలు గొడవపడితే పరుపో కుర్చీయో ఎక్కి పెద్దవాళ్లను పిలవాలి, మధ్యలోకి రాకూడదు. చిట్టి తనతో పెరిగిందన్న ధైర్యంతో వాడు చెయ్యి పెట్టడానికే ఎక్కువ అవకాశం. గొడవ మధ్యలో కుక్క ఎవరి చెయ్యో చూసుకోదు.

మీకూ అదే వర్తిస్తుంది. మెడ బెల్టు పట్టుకుని లాగబోయి కాటు తినేవాళ్లే ఎక్కువ. పెద్ద చప్పుడు చేయండి, మీద దుప్పటి వేయండి, నీళ్లు కొట్టండి, మధ్యకి కుర్చీయో అట్టో నెట్టండి. ఏదీ పనిచేయకపోతే, ఇద్దరు పెద్దవాళ్లుంటే మాత్రమే, చెరొకరు చెరొక కుక్క వెనక కాళ్లు ఎత్తి పట్టుకుని ఒకేసారి వెనక్కి నడవాలి. కర్రతో కొడితే పట్టు ఇంకా బిగుస్తుంది. విడిపోయాక వేరువేరు గదుల్లో ఉంచి, బొచ్చు విడదీసి ఒళ్లంతా చూడండి. కోరపంటి గాయం పైకి సూది మొనంతే కనిపించి లోపల చీము పడుతుంది. మనిషికి పన్ను దిగితే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి. రెండు కుక్కలకీ రేబిస్ టీకా గడువు ఎప్పటిదాకా ఉందో ఇవాళే చూసుకోండి.

మూతికి వేసే బుట్ట గురించి అడగలేదు గానీ, మీ తమ్ముడు ఆ మాట ఎత్తుతారని నా అనుమానం. మంచి వస్తువే, బుట్టలా నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలున్నదైతే. నోరు బిగించేసే గుడ్డపట్టీ వద్దు, కుక్కకి ఒంటి వేడి తగ్గించుకునే ముఖ్యమైన దారి రొప్పడమే. దాన్ని కూడా రోజుకి కొంచెంగా, లోపల తినేది పెట్టి అలవాటు చేయాలి. బ్రూనో వచ్చిన రోజునే తొలిసారి తొడిగితే, చిట్టి దృష్టిలో అది బ్రూనో తెచ్చిన ఇంకో శిక్ష. తొడిగితే రెండింటికీ తొడగండి.

తమ్ముడితో మాట్లాడటమే మీకు కష్టంగా ఉందని ఉత్తరంలో ప్రతి పేజీలో తెలుస్తోంది. కుక్కల సంగతి మాట్లాడుతూ మీరిద్దరూ ఎవరి కుక్క మంచిది అన్న వాదనలోకి జారిపోయారు. పిల్లల గొడవల్లో తల్లులు జారిపోయినట్టే. వాడి కుక్క చెవికి కుట్లు పడ్డాయి, ఆ బాధ ముందు ఒప్పుకోండి. ఆ తర్వాత తప్పు ఎవరిదన్నది వదిలేసి, ఇలా అనొచ్చు: "ఒరేయ్, బ్రూనో చెవి చూస్తే నాకూ బాధగానే ఉంది. రెండింటినీ అలా వదిలేయడం నాదే పొరపాటు. చిట్టికి కాళ్లనొప్పులేమో అని డాక్టరుకి చూపిస్తున్నాను. ఈసారి ఇద్దరినీ ఒకే చోట పెట్టే ధైర్యం నాకు లేదు. బ్రూనోకి ఎక్కడ బాగుంటుందో కలిసి చూద్దాం, నేను చేయగలిగింది చేస్తాను." రెండో దారి ఎంచుకుంటే చివరి మాటలు మార్చుకోండి. ఫోన్లో కన్నా ఎదురుగా చెప్పండి, బ్రూనో లేనప్పుడు, మీ ఆయన మధ్యలో మాట కలపనప్పుడు. వాడు నొచ్చుకోవచ్చు. నొచ్చుకున్న తమ్ముణ్ని పండక్కో పబ్బానికో బుజ్జగించుకోగలరు. అప్పటికి వాడి కుక్కకి ఇంకో గాయం అయి ఉంటే అది కష్టం.

మీ దగ్గర నెల రోజుల సమయం ఉంది. డాక్టరు దగ్గరికి ఈ వారమే వెళ్లండి, ఆయన ఏం చెప్పారో దాన్నిబట్టి తమ్ముడితో ఏ మాట అనాలో తేలుతుంది. ఇంకో చిన్న పని, ఇది మాత్రం ఈ సాయంత్రమే. ఆ నడవలోంచి చిట్టి పరుపు తీసేయండి. అందరూ దాటుకుంటూ పోయే చోట కాకుండా, వెనక గోడ ఉండి, ఎవరొస్తున్నారో కనబడే ఒక మూల చూసి వేయండి. కాళ్లు నొప్పెడుతున్నాయేమో కాబట్టి కింద ఇంకో దుప్పటి మడత పెట్టండి. అది అక్కడ పడుకుని ఉన్నప్పుడు మీతో సహా ఎవరూ దాని దగ్గరికి వెళ్లకూడదని మీ అబ్బాయికి చెప్పండి.